సింగిల్స్ తీసే పిల్ల

మొన్న నవంబరులో ఒక రాత్రి అన్నాలు తింటుంటే మా ఆయన ఫోన్ చూసి "అయ్యో!" అన్నారు. ఎవరికేమైందోనని నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తీరా చూస్తే జడేజాని చెన్నై వాళ్ళు రాజస్థాన్‌కి ఇచ్చేశారట. జడేజానీ, శామ్ కరన్‌నీ ఇచ్చి సంజూ శాంసన్‌ని తెచ్చుకున్నారట. 2023 ఫైనల్లో ఆఖరి రెండు బంతులకి సిక్సూ ఫోరూ కొట్టి కప్పు అందించిన మనిషి! పైగా అక్కడ అతనికి 18 కోట్ల బదులు 14 కోట్లే.

మా అత్తయ్యకి క్రికెట్ అంతగా తెలీదు కానీ మనుషుల సంగతి తెలుసు. "వాణ్ణి అడిగే పంపించారా?" అంది.

"ఆటగాడు ఒప్పుకుంటేనే ట్రేడ్ జరుగుతుంది నాయనమ్మా" అని మా అమ్మాయి జవాబు చెప్పి, నా వంక చూసి నవ్వింది. నేను మజ్జిగ తెచ్చే వంకతో లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ నవ్వు వెనక 2024 ఎండాకాలం నాటి సంగతి ఒకటుంది. ఏడాదిన్నరగా రాద్దామా వద్దా అనుకుంటూనే ఉన్నాను. క్రికెట్ అనగానే మీలో సగంమంది మధ్యలో వదిలేస్తారేమోనని ఒక భయం. ఇందులో తప్పు నాదే కాబట్టి అది రెండో భయం.

ఏప్రిల్, మే నెలల్లో మా ఇంట్లో టీవీ రిమోట్ నా చేతికి రాదు. సీరియల్లో ఎవరి కాపురం ఏమైందో పక్కింటి వదినని అడిగి తెలుసుకోవాల్సిందే. రాత్రి ఏడున్నరయ్యేసరికి మా ఆయన ఎరువుల కొట్టు కట్టేసి వచ్చి, స్నానం చేసి టీవీ ముందు కూర్చుంటారు. పక్కనే మా అమ్మాయి. మంచం మీద అత్తయ్య. వంటింటికీ హాలుకీ మధ్య గడప దగ్గర నేను. పొన్నూరుకీ హైదరాబాదుకీ బోలెడు దూరం. అయినా సన్‌రైజర్స్ ఓడిన రాత్రి మా ఇంట్లో పెరుగన్నం ఎవరికీ సయించదు.

తండ్రీకూతుళ్ళ మధ్య ఒక పాత తగాదా ఉంది. కేన్ విలియమ్సన్. న్యూజిలాండ్ మనిషి, 2018లో మన హైదరాబాదు కెప్టెన్. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. ఆ ఏడాది అతను 735 పరుగులు చేశాడు. ఐపీఎల్ మొత్తంలో అవే ఎక్కువ. జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. అలాగని ఎడాపెడా బాదే రకం కాదు. బంతిని ఖాళీ ఉన్న వైపు నెమ్మదిగా తోసి అవతలి కొసకి వెళ్ళిపోతాడు. మళ్ళీ తోస్తాడు, మళ్ళీ వెళ్తాడు. చూడ్డానికి సొసైటీ బ్యాంకులో పద్దులు రాసే పెద్దమనిషిలా ఉంటాడు. మా పిల్లకి అతనంటే ప్రాణం.

మా ఆయన లెక్క వేరు. "2022లో 14 కోట్లిచ్చి అట్టే పెట్టుకున్నారు. 13 మ్యాచుల్లో 216 పరుగులు. ఇరవై ఓవర్ల ఆటలో ఎవరికి కావాలమ్మా ఈ ఒకటీ ఒకటీ?" అంటారు. ఆ ఏడాది చివర్లో హైదరాబాదు అతన్ని వదిలేసింది. డిసెంబరు వేలంలో గుజరాత్ 2 కోట్లకే పట్టుకుపోయింది.

"అదే వేలంలో మనవాళ్ళు హ్యారీ బ్రూక్‌కి 13 కోట్ల పాతిక లక్షలు పోశారు నాన్నా. ఒక్క సెంచరీ కొట్టాడు. అది తీసేస్తే మిగతా పది మ్యాచులూ కలిపి 90. మనం ఆఖరి స్థానం" అని ఇది ఎదురు తిరుగుతుంది.

"మీ విలియమ్సన్ మాత్రం ఏం చేశాడు? గుజరాత్‌కి వెళ్ళిన మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోగొట్టుకుని ఇంటికెళ్ళాడు!"

అక్కడితో మా పిల్ల నోరు మూతపడేది. నిజమే కదా మరి.

మా ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. మిర్చి యార్డుకి పోయిన మనిషి గనక ఆయనకో పోలిక ఉంది. తేజ రకానికి కారం ఎక్కువ. బ్యాడిగికి కారం తక్కువ, రంగు ఎక్కువ. రంగు కావాల్సినవాడు తేజ ఎందుకు కొంటాడు? రెండూ మిరపకాయలే, రెండూ మంచివే. కొనేవాడి అవసరాన్ని బట్టి ధర. జట్టు కూడా అంతే, తనకి ఏది తక్కువైందో అదే కొనుక్కుంటుంది, అందులో మనసు కష్టపెట్టుకోవాల్సిందేముంది అంటారు.

"మిరపకాయకి మనసుండదు, మనిషికి ఉంటుంది" అని అత్తయ్య మంచం మీద నుంచే అనేది.

ఆ 2024లో హైదరాబాదు పూర్తిగా మా ఆయన కోరుకున్న జట్టయింది. మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద 277 కొట్టారు. అప్పటికింకా మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు అవ్వలేదు. లోపల గదిలో అది చదువుకుంటుంటే ఈయన సౌండ్ తగ్గించి చూస్తూ, సిక్స్ పడ్డప్పుడల్లా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవారు. ఏప్రిల్ 15న బెంగళూరులో 287. ట్రావిస్ హెడ్ 39 బంతుల్లో సెంచరీ. ఇన్నింగ్స్‌లో మొత్తం 22 సిక్సర్లు. మా ఆయన లేచి నిలబడి "ఇదీ ఆట!" అన్నారు.

నేను గడప దగ్గర నుంచి కూతురి పక్షాన మాట్లాడాను. "మీకు సిక్సర్లే కనిపిస్తాయి. సంక్రాంతికి అరిసెలు వండితే ఊరంతా చెప్పుకుంటారు. మిగతా మూడు వందల అరవై రోజులూ ఇంట్లో అన్నం ఉడికిందని ఎవరైనా చప్పట్లు కొట్టారా? అవన్నీ సింగిల్సే" అన్నాను. ఆయన నవ్వేశారు. మా అమ్మాయి నా దగ్గరికొచ్చి చెయ్యి కలిపింది. మహా గొప్పగా మాట్లాడాననుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాత కొద్దిరోజులకే పది ఫలితాలు వచ్చాయి. మా అమ్మాయికి 600కి 531. ఆరు సబ్జెక్టుల్లో ఏదీ 85కి తగ్గలేదు, ఏదీ 92 దాటలేదు. మొదటి నుంచీ దాని చదువు అంతే. క్లాసులో ఫస్ట్ వచ్చింది లేదు, ఏనాడూ కింద పడింది లేదు. అదే సాయంత్రం మా ఆయన స్నేహితుడు స్వీట్ బాక్సు పట్టుకొచ్చాడు. వాళ్ళబ్బాయికి 587. బాక్సు ఇచ్చి వెళ్ళిపోయాక మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఆ మౌనంలోనే నిర్ణయం జరిగిపోయిందనుకుంటాను. నాలుగు రోజుల తర్వాత పెళ్ళికని చెప్పి ఇద్దరం విజయవాడ వెళ్ళాం. ఒక హాస్టల్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ సీటుకి ఇరవై వేలు అడ్వాన్స్ కట్టాం. పొద్దున ఐదింటికి లేపి రాత్రి పది దాకా చదివిస్తారు, నెలకోసారి తల్లిదండ్రులు చూడొచ్చు. "ఇలాంటి పిల్లల్నే మేం పైకి తెస్తామండీ" అన్నాడు అక్కడి మనిషి. 'ఇలాంటి' అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా సంతకం పెట్టాను. తల్లి సంతకం అని ఉన్నచోట పెట్టింది నేనే. ఒక్క ర్యాంకు కొడితే చాలు, దాని జీవితం బాగుపడిపోతుందనుకున్నాను. ఇంటి గడప దగ్గర సింగిల్స్ గొప్పవని చెప్పిన నోటితోనే అక్కడ సిక్సర్ కావాలని అడిగొచ్చాను.

రసీదు బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టాను. నెమ్మదిగా చెబుదామనుకున్నాం.

మే 5, ఆదివారం. సియాటిల్ దగ్గర ఉండే మా తమ్ముడి కొడుకు వీడియో కాల్ చేశాడు. వాడికి మన క్రికెట్ అంతగా పట్టదు, బేస్‌బాల్ పిచ్చి. మా అమ్మాయికీ వాడికీ మాటల పోటీ. ఆ రోజు వాడు చెప్పిన కథ నాకూ నచ్చింది. లూయిస్ అరాయెజ్ అని ఒకడున్నాడట. హోమ్ రన్‌లు పెద్దగా కొట్టడు. బ్యాట్ ఊపాడంటే మాత్రం బంతికి తగలాల్సిందే. ఇలాంటివాళ్ళని వాళ్ళు కాంటాక్ట్ హిట్టర్ అంటారు. 2022లో మినెసోటాకి ఆడి తన లీగులో బ్యాటింగ్ సగటులో మొదటివాడయ్యాడు. వెంటనే వాళ్ళు మయామీకి ట్రేడ్ చేసేశారు. 2023లో అక్కడా మొదటివాడే. ఇప్పుడు మయామీ కూడా నలుగురు ఆటగాళ్ళని తీసుకుని శాన్ డియేగోకి ఇచ్చేసింది. కొత్త జట్టుకి మొదటి రోజే నాలుగు హిట్లు కొట్టాడట.

"అంత బాగా ఆడేవాణ్ణి ఎందుకు వదిలేస్తున్నారు బావా?"

"వాళ్ళకి లెక్కలుంటాయి. ఒక హోమ్ రన్ నాలుగు సింగిల్స్ పెట్టు అంటారు. పైగా ఇతను వేగంగా పరుగెత్తలేడు, ఫీల్డింగ్ అంతంత మాత్రం. మా నాన్న అరాయెజ్ పక్షం, నేను లెక్కల పక్షం."

ఆ ఏడాది పూర్తయ్యేసరికి అరాయెజ్ మూడోసారి కూడా మొదటివాడే అయ్యాడు. 672 సార్లు బ్యాటింగ్‌కి వచ్చి, మూడు స్ట్రైకులై అవుటైంది 29 సార్లేనట. మూడేళ్ళలో మూడు ఊళ్ళు, మూడు కిరీటాలు. ఇదంతా తర్వాతి ముచ్చట. ఆ రోజు మా అమ్మాయి అడిగింది వేరే.

"అతన్ని అడిగే పంపించారా?"

"బేస్‌బాల్‌లో చాలామందిని అడగరు. కాంట్రాక్టులో ముందే రాయించుకుని ఉండాలి. లేదంటే పదేళ్ళ సర్వీసు ఉండి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే జట్టులో ఉంటే కాదనే హక్కుంటుంది" అన్నాడు వాడు. తర్వాత వాళ్ళ ఊరి దేవుడు ఇచిరో కథ చెప్పాడు. జపాన్ నుంచి 2001లో సియాటిల్ వచ్చి, వరసగా పదేళ్ళు ఏటా రెండు వందలకి తగ్గకుండా హిట్లు కొట్టాడు. ఒక్క 2004లోనే 262. ఎక్కువగా సింగిల్సే. 2012 జూలైలో జట్టుకి వయసు పిల్లలు కావాలని తోచి, తనని పంపమని అతనే అడిగాడట. ట్రేడ్ అయిన రోజు సాయంత్రమే సియాటిల్ మైదానంలో న్యూయార్క్ బట్టలతో దిగాడు. ఊరంతా లేచి నిలబడితే టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత ఎప్పటిలాగే ఒక సింగిల్ కొట్టాడు.

వింటుంటే నాకు పెళ్ళైన కొత్తలో చేబ్రోలులో మా పుట్టింటి వాకిట్లో చుట్టంలా నిలబడ్డ రోజు గుర్తొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

వారం దాటగానే మా అమ్మాయికి రసీదు దొరికింది. ఓటు వేయడానికి వెళ్తూ నేను కట్టుకునే చీర తీసిపెట్టమంటే బీరువా తెరిచింది. చీర తెచ్చి మంచం మీద పెట్టింది, దాని మీద రసీదు. అరవలేదు, ఏడవలేదు.

"మన ఐపీఎల్లో ట్రేడ్ చేయాలంటే ఆటగాడు ఒప్పుకోవాలమ్మా. నన్ను మీరు అమెరికా పద్ధతిలో చేశారు" అంది.

నేనేదో చెప్పబోయాను. నీ మంచికే, నీ భవిష్యత్తుకే. అది విని, "నాన్నంటే సరే. ఆయన మొదటి నుంచీ సిక్సర్ల పార్టీ. నువ్వు నా పార్టీ అనుకున్నా" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం వేలికి సిరాచుక్కతో ఇంటికొచ్చి వంటింట్లో కూర్చున్నాను. ఇరవై ఏళ్ళప్పుడు తెనాలిలో బి.ఏ. తెలుగు ఆఖరి పరీక్ష రాసి ఇంటికొస్తే మా నాన్న "ముహూర్తం పెట్టేశాం తల్లీ, మంచి సంబంధం" అన్నారు. నాకు ఎమ్మే చదవాలని ఉండేది. టీచరునవ్వాలని ఉండేది. సంబంధం మంచిదే, అబద్ధం చెప్పను. అడిగితే బహుశా నేనూ సరేననేదాన్ని. కానీ అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా లోపలెక్కడో అది అలాగే ఉంది. అలాంటిదాన్ని, నా కూతురి దగ్గరికొచ్చేసరికి మా నాన్న చేసిన పనే నేనూ చేశాను. ఆయన కనీసం పెళ్ళికని అబద్ధం చెప్పి వెళ్ళలేదు.

పది రోజులు ఇంట్లో మాటలు తగ్గాయి. మ్యాచ్‌లు మాత్రం చూస్తూనే ఉన్నారు, మధ్యలో ఒక మనిషి కూర్చునేంత ఎడంగా. మే 24న చెన్నైలో రాజస్థాన్‌తో మ్యాచ్. గెలిస్తే ఫైనల్. మనవాళ్ళ వికెట్లు వరసగా పడుతుంటే షాబాజ్ అహ్మద్ అనే అతనొచ్చి 18 బంతుల్లో 18 పరుగులు చేశాడు. బంతికో పరుగు. ఆ తర్వాత బౌలింగ్‌లో మూడు వికెట్లు తీశాడు. 36 పరుగులతో గెలిచాం, అతనే ఆ మ్యాచ్ వీరుడు. మా అమ్మాయి టీవీ వైపే చూస్తూ, "ఇతను బెంగళూరు నుంచి ట్రేడ్‌లో వచ్చాడు" అంది. మా ఆయన ఏమీ అనలేదు.

26న ఫైనల్. ప్రత్యర్థి కోల్‌కతా. మొదటి ఓవర్లో అభిషేక్, రెండో ఓవర్లో హెడ్, ఇద్దరూ వెళ్ళిపోయారు. తర్వాత ఒకరి వెనక ఒకరు. 277, 287 కొట్టిన జట్టు 113కి అంతా అవుట్. అందరికన్నా ఎక్కువ కొట్టింది కెప్టెన్ కమిన్స్, 24. కోల్‌కతా పదకొండో ఓవర్లోనే ముగించేసింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక డాబా మీదకి వెళ్తే మా ఆయన అక్కడే ఉన్నారు. "ఇప్పుడేమంటారు?" అన్నాను. కొంచెం ఎత్తిపొడుపుగానే.

"ఏమంటాను? ఆ సిక్సర్లు కొట్టకపోతే ఫైనల్ దాకా వచ్చేవాళ్ళే కాదు" అన్నారు. కాసేపాగి, "కానీ ఇవాళ నిలబడి సింగిల్స్ తీసేవాడు ఒక్కడుంటే బాగుండేది" అన్నారు. ఇంకాసేపాగి, "పిల్లని అడగాల్సింది" అన్నారు.

ఆయనకీ భయమే. కొట్టులో అప్పు పద్దులు రాసుకునే బతుకు కూతురికి ఉండకూడదని. ఆ భయం తప్పు కాదు. దాన్ని తీసుకెళ్ళి పిల్ల నెత్తిన, చెప్పకుండా పెట్టడమే తప్పు.

మర్నాడు పొద్దున దాన్ని కూర్చోబెట్టి అడిగాం. నోట్సు పుస్తకంలో అప్పటికే రెండు వైపులా రాసుకుని ఉంది, హాస్టల్‌లో చేరితే ఏం లాభం, చేరకపోతే ఏం నష్టం అని. ఇంజనీరింగ్ చదవాలని దానికీ ఉంది. "ఎంపీసీనే తీసుకుంటా. గుంటూరులో కాలేజీకి బస్సులో వెళ్ళొస్తా. రాత్రి మీతో అన్నం తింటా. ర్యాంకు గ్యారంటీ ఇవ్వలేను, ఫెయిలవ్వనని గ్యారంటీ ఇస్తా" అంది. మా ఆయన నవ్వాపుకోలేకపోయారు. ఇరవై వేలు పోయాయి. వాపసు లేదని రసీదు మీదే రాసుంది, మేమే చదవలేదు.

నిరుడు ఏప్రిల్లో మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. 470కి 418. ఏ ఫ్లెక్సీ మీదా దాని ఫోటో లేదు. అదే వారం, ఏప్రిల్ 14న, మన గుంటూరు పిల్లాడు షేక్ రషీద్ చెన్నైకి మొదటి మ్యాచ్ ఆడాడు. 2022లో కుర్రాళ్ళ ప్రపంచకప్పు సెమీఫైనల్లో 94, ఫైనల్లో 50 చేసినవాడు. 20 లక్షలకి తీసుకుని రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఆ రాత్రి 19 బంతుల్లో 27 చేసి అవుటయ్యాడు. చూడ్డానికి అంతే. కానీ మా ఇంట్లో తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

ఇప్పుడది రెండో సంవత్సరం. ర్యాంకు వస్తుందో రాదో తెలీదు. ఒక్కోసారి బస్సు లేటై రాత్రి వాడిపోయిన ముఖంతో ఇంటికొస్తే, హాస్టల్లో వేసుంటే బాగుండేదేమో అని నాకింకా అనిపిస్తుంది. అనిపించినప్పుడు దాన్నే అడుగుతాను. "లేదమ్మా, సింగిల్ తీశా ఇవాళ" అంటుంది.

అన్నట్టు, సంక్రాంతి సెలవుల్లో నేనూ ఒక దరఖాస్తు పెట్టాను. దూరవిద్యలో ఎమ్మే తెలుగు. ఆ కాగితం మీద అభ్యర్థి సంతకం అని ఉన్నచోట పెట్టింది కూడా నేనే. ఇంట్లో ముందే చెప్పాను లెండి.